స్వయంచాలక దీపాలు – ఇంటిల్లిపాదికీ అనువుగా

దీపం ఆరిపోయిందని అనడానికి తెలుగువాడు జంకుతాడు. 'కొండెక్కింది' అంటాడు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ ఇదే జంకు ఉన్నది. పెద్దవారు 'చిరాగ్ బుఝావ్' అనరు, 'చిరాగ్ బఢావ్' అంటారు. మాటకు అర్థం దీపాన్ని పెంచమని. చేయవలసిన పని ఆర్పడం. తరతరాలుగా ఇరుగుపొరుగున బతికిన రెండు భాషలు ఈ ఒక్క విషయంలో ఒకే మర్యాదను పాటించడం ఆలోచించదగినది. దీపం వెలిగించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆర్పడం మాత్రం ఇంట్లో తక్కినవారిని ఒకసారి చూసుకొని చేయవలసిన పని అని మన పూర్వులు ఎరుగుదురు.

ఇప్పుడు ఆ పనిని యంత్రానికి అప్పగిస్తున్నాము. మనిషి గదిలోకి రాగానే వెలిగే దీపాలు, సూర్యాస్తమయానికి తమంతట తామే వెలిగే దీపాలు, ఫోనులో వేలితో తాకితే ఆరే దీపాలు మన పట్టణంలోని మధ్యతరగతి ఇళ్లలోకి కూడా వచ్చాయి. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ తీగల గొడవ ఎందుకని భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చు. తీగల సంగతి వారే బాగా చెప్పగలరు. నేను చెప్పదలచినది ఆ తీగల చివర కూర్చున్న మనుషుల సంగతి. అయితే తీగలను గురించి కొంత తెలుసుకోకుండా మనుషుల సంగతి తేలదు కనుక రెండింటినీ కలిపే చెప్పవలసి వస్తున్నది.

ఈ ఆలోచన నిన్నటిది కాదు. 1975లో స్కాట్లాండులోని పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ ఇంటి కరెంటు తీగల ద్వారానే సంకేతాలు పంపి దీపాలను అదుపు చేసే 'ఎక్స్-10' పద్ధతిని కనిపెట్టింది. అప్పటి నుండి ఎన్నో పద్ధతులు వచ్చాయి. వేరువేరు కంపెనీల పరికరాలు ఒకదాని మాట ఒకటి వినడానికి 'మేటర్' అనే ఉమ్మడి ప్రమాణం 2022లో వెలువడింది. యాభై ఏళ్లు గడిచినా ఇంటిల్లిపాదీ తృప్తిగా వాడుకొనే స్వయంచాలక దీపాలు అరుదుగానే కనబడుతున్నాయి. కారణమేమి?

వీధి దీపాలతో పోల్చి చూస్తే కారణం కొంత బోధపడుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన తరువాత, ఆ నగరంలోని పాత సోడియం దీపాల స్థానంలో ఎల్.ఇ.డి. దీపాలు అమర్చారు. అటువంటి దీపాలను ఒకచోట నుండి వెలిగించడం, ఆర్పడం సాధ్యమే. అక్కడ యంత్రానికి ఎదురు చెప్పేవారు లేరు. వీధి దీపానికి స్విచ్చి ఏ పౌరుని చేతిలోనూ ఉండదు. ఇంట్లో అలా కాదు. ప్రతి దీపానికీ ఒక స్విచ్చి, ప్రతి స్విచ్చికీ నలుగురైదుగురు హక్కుదారులు ఉంటారు. వీధిని ఏలినట్లు ఇంటిని ఏలబోతే తగవు తప్పదు.

ఆ తగవు ఎలా ఉంటుందో గవర్నర్‌పేటలోనే నాకు తెలిసిన ఒక ఇంట్లో చూశాను. కింద అంగడి, పైన కాపురం ఉండే పాతకాలపు మేడ అది. ఇంజనీరింగు చదివిన కుమారుడు ఇష్టపడి ప్రతి గదిలోనూ స్మార్ట్ బల్బులు బిగించాడు. ఈ బల్బుకు నిరంతరం కరెంటు అందుతూ ఉండాలి. లోపలున్న చిన్న రేడియో మేలుకొని ఉంటేనే ఫోను నుండి వచ్చే ఆజ్ఞను అది వినగలదు. గోడ స్విచ్చి ఆపితే బల్బు ఆరడమే కాదు, చెవిటిదైపోతుంది. అందుచేత ఇంట్లో ప్రతి స్విచ్చి మీదా 'ఆపవద్దు' అని తెలుగులోను, ఉర్దూలోను రాసిన కాగితపు ముక్కలు వెలిశాయి. కొన్నిటి మీద టేపు కూడా అంటించారు.

ఆ ఇంట్లో డెబ్బై దాటిన దాదీ ఉన్నారు. నలభై ఏళ్లుగా తెల్లవారుజామున లేచి, కళ్లు తెరవకముందే చేత్తో తడిమి స్విచ్చి వేసే అలవాటు ఆమెది. ఆమెకు ఫోను వాడడం రాదు. రావలసిన అవసరమూ లేదు. మనుమడు ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాడు. దీపాలను వెలిగించే ఏర్పాటు అతని ఫోనులో ఉన్నది; ఇంట్లో మిగిలినవి కాగితపు ముక్కలు. కోడళ్లను నిద్ర లేపడానికి మొహమాటపడి ఆ పెద్దావిడ కొన్ని నెలలపాటు వజూకు చీకట్లోనే గోడ పట్టుకొని నడిచారని తరువాత బయటపడింది. ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. దీపాలు చెడిపోలేదు, అన్నీ చక్కగా పనిచేస్తూనే ఉన్నాయి. పని చేస్తున్న యంత్రమే ఒక మనిషిని చీకట్లో నడిపించిందన్న సంగతి విద్యార్థులు గమనించాలి.

మందు ఎక్కడో లేదు. మన మెట్లదారిలోనే ఉన్నది. మేడ ఉన్న ప్రతి ఇంట్లోనూ మెట్ల దీపానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉంటాయి. ఎలక్ట్రీషియన్లు దీనిని టూవే స్విచ్చి అంటారు. మామూలు స్విచ్చికి రెండు కొనలు; దీనికి మూడు. ఫేజ్ తీగ కింది స్విచ్చి నడిమి కొనకు వస్తుంది. తక్కిన రెండు కొనల నుండి రెండు తీగలు పై స్విచ్చిలోని రెండు కొనలకు పోతాయి. పై స్విచ్చి నడిమి కొన నుండి తీగ దీపానికి చేరుతుంది. రెండు స్విచ్చులూ ఒకే తీగను ఎంచుకొన్నప్పుడు దీపం వెలుగుతుంది. వేరువేరు తీగలను ఎంచుకొన్నప్పుడు ఆరుతుంది. దీనిలోని గొప్పతనమేమంటే స్విచ్చి పైకి ఉన్నదా కిందికి ఉన్నదా అన్నదానికి అర్థమే లేదు. ఎవరు ఏ చివర నొక్కినా అప్పటి స్థితి మారుతుంది. కింద ఉన్నవాడు పైవానికి లోబడి లేడు, పైవాడు కిందివానికి లోబడి లేడు. ఇద్దరికీ దీపం మీద సంపూర్ణమైన అధికారం ఉన్నది.

యంత్రం ఇంట్లోకి రావలసినది ఈ మెట్లదారిలో మూడవ స్విచ్చిగానే. అంతకు మించిన హోదా దానికి ఇవ్వరాదు. గోడ మీది స్విచ్చి, దానిని నొక్కే ముసలిచేయి, పసిచేయి, చుట్టపుచూపుగా వచ్చినవారి చేయి మునుపటివలెనే పని చేయాలి. ఫోను, గడియారం, సెన్సరు వాటి పక్కన ఒదిగి ఉండాలి. 1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ చటుక్కున తెగే స్విచ్చిని రూపొందించిన నాటి నుండి మనిషి చేయి గోడను తడమడం నేర్చుకొన్నది. అంతటి అలవాటును కాగితపు ముక్క అంటించి మాన్పించలేము.

దీనికి తగిన పరికరం అంగళ్లలో దొరుకుతున్నది. అగ్గిపెట్టె అంత రిలే పెట్టెను స్విచ్చిబోర్డు వెనుక అమర్చుతారు. బల్బు మామూలు బల్బే, స్విచ్చి మామూలు స్విచ్చే. స్విచ్చి నుండి వచ్చే తీగ దీపానికి పోకుండా ఈ రిలేకు పోతుంది. స్విచ్చి ఎటు కదిలినా రిలే దీపం స్థితిని మారుస్తుంది. ఇంటర్నెట్టు లేకపోయినా, రౌటరు చెడిపోయినా, ఫోను హైదరాబాదులో ఉన్నా గోడ స్విచ్చి పని చేస్తుంది. పైన చెప్పిన ఇంట్లో చివరకు చేసినది ఇదే. కాగితాలు పీకివేశారు.

అయితే మన పాత ఇళ్లలో ఇక్కడొక చిక్కు ఉన్నది. బద్దల మీద తీగలు పరచిన రోజుల నుండి మనవారు స్విచ్చి దగ్గరకు ఫేజ్ తీగను మాత్రమే తెచ్చేవారు. న్యూట్రల్ తీగ నేరుగా హోల్డరుకు పోయేది. తీగ ఆదా అయ్యేది. అది తప్పు కాదు, స్విచ్చికి న్యూట్రల్‌తో పని లేదు. రిలేకు మాత్రం తాను బతకడానికి రెండు తీగలూ కావాలి. న్యూట్రల్ అక్కరలేని రకాలు కూడా అమ్ముతారు. అవి దీపం గుండానే కొద్దిపాటి కరెంటును లాగుకొని బతుకుతాయి. అరవై వాట్ల పాత బల్బు ఆ కొద్దిపాటి కరెంటును లక్ష్యపెట్టేది కాదు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. మాత్రం దానికే మిణుకుమిణుకుమంటుంది, లేదా రాత్రంతా మసకగా వెలుగుతూ ఉంటుంది. ఆర్పినా ఆరని దీపాన్ని చూసి ఇంట్లో పిల్లలు భయపడడం కద్దు. దీపానికి సమాంతరంగా చిన్న కెపాసిటరు కలిపితే చాలావరకు కుదురుతుంది కాని, పైపులో చోటు ఉంటే బోర్డు వరకు ఒక న్యూట్రల్ తీగ లాగించడమే మేలని నా అభిప్రాయం. ఖర్చు ఒక్కసారే.

ఈ పని విద్యార్థులు ఉత్సాహపడి స్వయంగా చేయరాదు. మన ఇళ్లలోనిది 230 వోల్టుల కరెంటు. లైసెన్సు గల ఎలక్ట్రీషియనుతో, మెయిను ఆపించి, చేయించాలి. ఎర్తు సరిగా ఉన్నదీ లేనిదీ అప్పుడే చూపించుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్.సి.సి.బి. మెయిను దగ్గర లేకపోతే, దీపాల సోకు కంటే ముందు దానిని పెట్టించడం ధర్మం. వానాకాలంలో మన డెల్టా గోడలు ఎంత చెమ్మగిల్లుతాయో అందరికీ తెలిసినదే.

ఇక సెన్సర్ల సంగతి. మనిషి కదలికను కనిపెట్టే సామాన్యమైన సెన్సరును పి.ఐ.ఆర్. అంటారు. అది మనిషిని చూడదు. మనిషి ఒంటి నుండి వెలువడే వేడి కిరణాలలోని మార్పును చూస్తుంది. చుట్టూ ఉన్న గోడల కంటే మనిషి వెచ్చగా ఉండి, కదులుతూ ఉంటేనే దానికి తెలుస్తుంది. చల్లని దేశాల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. మే నెలలో బెజవాడ మేడ మీది గదిని ఊహించండి. గోడలే మనిషి ఒంటి వేడికి వస్తాయి. అప్పుడు సెన్సరుకు గోడకూ మనిషికీ తేడా తెలియదు. తలుపు తీసుకొని మీరు వచ్చినా అది పలకదు. జనవరిలో పరీక్షించి బాగున్నదని బిగించినది మేలో మొండికేయడానికి కారణం ఇదే.

రెండవ లోపం ఇంకా ముఖ్యమైనది. కదలనివారు దాని దృష్టిలో లేనట్లే. పరీక్షలకు చదువుకొనే అమ్మాయి పుస్తకం మీద వంగి పది నిమిషాలు కదలకపోతే గది చీకటి అవుతుంది. జపమాలతో కూర్చున్న పెద్దవారికీ అంతే. స్నానాల గదిలో చేతులు గాలిలో ఊపి దీపాన్ని బతిమాలుకోవలసి రావడం గురించి వేరే చెప్పనక్కరలేదు, అనుభవించినవారు నవ్వుకొంటారు. శ్వాస వల్ల కలిగే కదలికను సైతం పట్టగల రాడార్ సెన్సర్లు ఇప్పుడు వచ్చాయి. వాటి వెల ఎక్కువ. కొన్ని గోడ అవతలి మనిషిని కూడా లెక్కలోకి తీసుకొంటాయి.

'చిరాగ్ బఢావ్' అన్న మాటలోని మర్యాద ఇక్కడ పనికివస్తుంది. సెన్సరుకు వెలిగించే స్వేచ్ఛ ధారాళంగా ఇవ్వవచ్చు; ఆర్పే స్వేచ్ఛ పిసినారితనంతో ఇవ్వాలి. మెట్లు, నడవా, సామాను గది, పెరటి తలుపు వంటి చోట్ల మనిషి ఆగి ఉండడు కనుక రెండు మూడు నిమిషాల తరువాత ఆర్పవచ్చు. స్నానాల గదిలో ఇరవై నిమిషాలైనా గడువు ఉండాలి. చదువుకొనే గదిలో, పడక గదిలో, నమాజు చేసే గదిలో ఆర్పే పని సెన్సరుకు ఇవ్వనే రాదు. వంటగదిలో మాత్రం సెన్సరు నిజంగా మేలు చేస్తుంది. పిండి కలిపే చేతులతో, తడి చేతులతో స్విచ్చి ముట్టుకొనే అవసరం తప్పుతుంది. ఇంటిని ఆధునికం చేయాలనుకొనేవారు హాలులో రంగురంగుల దీపాలతో మొదలు పెడతారు. వంటగదితో, మెట్లతో మొదలు పెట్టినవారిని నేను తక్కువగా చూశాను.

పెద్దవారి పడక గదికి ఒక ప్రత్యేకమైన ఏర్పాటు అవసరం. వయసు పెరిగినకొద్దీ కంటిలోని కటకం పసుపుబారి, కంటిపాప చిన్నదై, యువకుల కంటిలోకి వెళ్లినంత వెలుతురు ముసలికంటిలోకి వెళ్లదు. కనుక వారికి చదవడానికి ఎక్కువ వెలుతురు కావాలి. అర్ధరాత్రి లేచినప్పుడు మాత్రం పైనున్న తెల్లని దీపం భగ్గుమంటే వారి కళ్లు తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. నేల మీద అడుగున్నర ఎత్తున, గోడ వైపు తిప్పి, లేత పసుపు రంగు దీపం సెన్సరుతో పెడితే కళ్లు చెదరవు, పాదాలు కనబడతాయి. దీపాల డబ్బా మీద 2700 కె. అని ఉంటే అది పసుపు ఛాయ, 6500 కె. అని ఉంటే తెలుపు ఛాయ అని గుర్తు. దాదీ గదిలో ఇప్పుడున్నది అటువంటి చిన్న దీపమే.

గడియారానికి కట్టిన దీపాలలో మరొక పొరపాటు జరుగుతుంది. సాయంకాలం ఆరు గంటలకు వాకిటి దీపం వెలగాలని స్థిరంగా పెడతారు. మన ఊరిలో నవంబరులో సూర్యుడు సుమారు 5.30కే అస్తమిస్తాడు, జూలై మొదటివారాల్లో 6.45 వరకు ఉంటాడు. గంటంబావు తేడా. మగ్రిబ్ వేళ చూపే నమాజు పట్టికను గోడకు తగిలించుకొనే ఇళ్లలో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు; దీపం కొన్నవారికే తెలియదు! సూర్యాస్తమయాన్ని అనుసరించే ఏర్పాటు దాదాపు అన్ని పరికరాలలోనూ ఉన్నది, ఊరి పేరు ఇస్తే చాలు. సహరీకి వంటగది దీపం వెలగాలన్నా ఇంతే. 2025లో రంజాను మార్చి 2న మొదలైంది. ఆ నెల మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య మన ఊరిలో తెల్లవారే వేళ సుమారు ఇరవై నిమిషాలు ముందుకు జరిగింది. హిజ్రీ సంవత్సరం ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు వస్తుంది కనుక ఈ ఏటి లెక్క మరుసటి ఏటికి చెల్లదు. కాబట్టి గడియారపు గంటను కాక, సూర్యోదయానికి ఇన్ని నిమిషాల ముందు అని చెప్పాలి; పండుగ కాగానే దానిని ఆపడం మరువరాదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో కొనేముందే అడగాలి. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు రాగానే వెలిగేటట్లు తయారై వస్తాయి. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయి వస్తే ఇల్లంతా పెళ్లిపందిరి అవుతుంది, పసిపిల్లలు లేచి కూర్చుంటారు. 'పూర్వస్థితి' అనే ఎంపిక ఉంటే దానిని పెట్టాలి. ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో రౌటరును, అదుపు పెట్టెను కూడా దాని మీద ఉంచాలి. ఆ అదుపు పెట్టె నిర్ణయాలు ఇంట్లోనే జరగడం మంచిది. 2013లో మొదలైన 'హోమ్ అసిస్టెంట్' వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇది సాధ్యం. బయటి దేశపు కంప్యూటరును అడిగి మన వంటగది దీపం వెలగవలసిన పని లేదు. వీటిని ఎక్కడ పెడతామన్నది కూడా ముఖ్యమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ప్రాంతాలను ముంచినప్పుడు కింది అంతస్తులో నేల మీద పెట్టినవేవీ మిగలలేదు. ఛాతీ ఎత్తుకు పైన పెట్టడానికి అదనపు ఖర్చేమీ లేదు.

కరెంటు ఆదా అవుతుందని అంగడివారు చెప్పే మాటను విద్యార్థులు లెక్క కట్టి చూడాలి. ఆర్పి ఉన్నప్పుడు కూడా స్మార్ట్ బల్బు కొంత కరెంటు తీసుకొంటుంది. అర వాటు అనుకొందాము. నెలకు 720 గంటలు. అంటే 360 వాట్-గంటలు, యూనిట్లలో 0.36. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. అంతే కరెంటు తినాలంటే 40 గంటలు వెలగాలి. నెలకు 40 గంటలపాటు దీపం వృథాగా మరచిపోయే ఇల్లయితేనే ఖర్చుకు ఖర్చు సరి. పాత అరవై వాట్ల బల్బుల కాలంలో ఇదే లెక్క ఆరు గంటలకు సరిపోయేది. 2015 జనవరి 5న దేశమంతటా ప్రారంభమైన 'ఉజాల' పథకం నుండి చవక ఎల్.ఇ.డి. బల్బులు ఇంటింటికీ చేరాయి. ఆదా అన్నది చాలావరకు అప్పుడే జరిగిపోయింది. ఇక సౌకర్యం కోసం, పడిపోకుండా నడవడం కోసం కొనవచ్చు. బిల్లు తగ్గుతుందని కొనవద్దు.

మరొక సంగతి చెప్పడానికి కొంచెం సంకోచంగా ఉన్నది, అయినా చెప్పాలి. ఈ పరికరాలు ఏ గదిలో దీపం ఎన్ని గంటలకు వెలిగిందో రాసి పెట్టుకొంటాయి. ఆ రాత ఫోను గలవాని చేతిలో ఉంటుంది. అక్క ఎంతవరకు మేలుకొన్నది, వదిన ఎప్పుడు లేచింది, అమ్మ రాత్రి ఎన్నిసార్లు లేచింది – ఇవన్నీ ఒకరికి తెలియడం, తక్కినవారికి తమ సంగతి తెలుస్తున్నదని తెలియకపోవడం న్యాయం కాదు. పడక గదుల లెక్కను రాయకుండా ఆపే వీలు ఉంటే ఆపాలి. ఊరికి దూరంగా ఉన్నవారు ఇతరుల గదుల దీపాలను ఆర్పే వీలు అసలే ఉండరాదు. నోటిమాటకు పలికే పరికరాలు పెట్టినా ఇదే జాగ్రత్త కావాలి. ఒకే ఇంట్లో ఒకరు 'లైటు వేయి' అని, ఒకరు 'బత్తీ జలావ్' అని అంటారు. యంత్రానికి అర్థమయ్యే భాష తెలిసినవానికే దీపం దక్కుతుందంటే అది మళ్లీ పాత తగవే.

బిగించిన కుర్రవాడు చదువుకో ఉద్యోగానికో వెళ్లిపోతాడు; ఇల్లు ఉండిపోతుంది. కనుక పని పూర్తి అయిన రోజే ఒక కాగితం మీద ఏ రిలే ఏ బోర్డు వెనుక ఉన్నది, ఏ తీగ ఎటు పోయింది, రహస్య పదాలేమిటి, దేనిని తీసివేస్తే పాత పద్ధతిలో దీపం వెలుగుతుంది అన్నవి బొమ్మతో సహా రాసి మెయిను బోర్డు తలుపు లోపల అంటించాలి. తెలుగులో ఒక ప్రతి, ఉర్దూలో ఒక ప్రతి. అక్షరాలు దాదీ కళ్లద్దాలకు ఆనేటంత పెద్దవిగా ఉండాలి.